గొలుసుకి నేను పెట్టిన పేరు

నా గొలుసు పేరు మార్చేశావక్కా. ఎల్‌జీబీటీ వాళ్ల ప్రైడ్ పండక్కని ఈసారి నేను గుచ్చిన నగల్లో మిగతావాటికి నీ ఇష్టమొచ్చిన పేర్లు పెట్టుకోమన్నాను. నీలం, గులాబీ, తెలుపు పూసల గొలుసు జోలికి మాత్రం రావద్దన్నాను. దానికి ‘తమ్ముడు’ అని లేబుల్ రాసి మరీ ఇచ్చాను.

పొద్దున మన ఆన్‌లైన్ షాపులో చూస్తే, ‘చెల్లికి కానుక’ అని ఉంది.

అడిగితే పకపకా నవ్వావు. "గులాబీ పూసలేసి తమ్ముడంటే ఎవరు కొంటారే మొద్దూ? ముందు జడేసుకో, అమ్మ చూస్తే చంపుతుంది."

షాపు పాస్‌వర్డు నీ దగ్గర. వీధి తలుపు తాళం అమ్మ దగ్గర. నా దగ్గరున్నది సూదీ దారమూ.

గొలుసు ఫొటో కింద ‘ట్రాన్స్ జెండా రంగులు’ అని నువ్వే టైపు చేశావు కదా. ఆ జెండా తమదనుకునేవాళ్లు నీ ఇంట్లోనే ఉండొచ్చని ఒక్కసారన్నా తట్టలేదా?

ఈ ఇంట్లో నేనెవరో నేను రాసుకోగలిగింది ఆ ఒక్క లేబుల్ మీదే. దాన్నీ చెరిపేశావు.

ఎల్లుండి సాయంత్రం పార్సిళ్లు కట్టేలోగా ఆ పేరు మళ్లీ పెట్టు. పెట్టాక నా గది తలుపు కొట్టి చెప్పు. ‘ఏమే’ అంటే తలుపు తీయను. ‘ఏరా తమ్ముడూ’ అని పిలువు.