బండి ఎవరు నడుపుతారు?

"బండి ఎక్కువగా ఎవరు నడుపుతారు సార్?" అరిగిన టైరు మీద చెయ్యి తీయకుండానే అడిగాడు టైర్ల షాపాయన.

"ఇదిగో, మా అమ్మాయి," అన్నాడు తండ్రి, పక్కనున్న కూతుర్ని చూపిస్తూ. "కొత్తగా నేర్చుకుంటోంది. మలుపు తిప్పమంటే చాలు, ఫుట్‌పాత్ అంచుకి రాసేస్తుంది. చూడండి, ముందు రెండింటినీ ఎలా గుండు కొట్టేసిందో!"

కూతురు తల దించుకుంది. వారం రోజులుగా ఇంట్లో ఇదే పాట. ఈ ఉదయం బయల్దేరుతుంటే తల్లి కూడా, "దాన్నీ వెంటబెట్టుకెళ్లండి. టైర్లెందుకు అరిగాయో చెవులారా విననివ్వండి" అని మరీ పంపింది. భార్య తన పక్షం మాట్లాడటం అరుదు గనక ఆయన లోలోపల మురిసిపోయాడు కూడా.

షాపాయన రెండు రకాల టైర్లు, చూపించడానికి ఒక్కోటి తెచ్చి ఎదురుగా నిలబెట్టాడు.

"మీది చూడ్డానికి ఇంటిల్లిపాదీ ఎక్కే కారే గానీ, లోపల ఇంజన్ పందెం గుర్రం సార్. అందుకే అడిగాను. ఇదేమో గట్టి రబ్బరు. నెమ్మదిగా నడిపేవాళ్లకి ఏళ్ల తరబడి వస్తుంది. ఇది మెత్తనిది. త్వరగా అరుగుతుంది, కానీ స్పీడులో తిప్పినా రోడ్డును వదలదు. గట్టిది వేసుకుని తడి రోడ్డు మీద జోరు చేశారనుకోండి, బండి మన మాట వినదు."

తండ్రి చూపు మెత్తటి టైరు మీదికి పోయింది. చెయ్యి కూడా పోబోయింది. చటుక్కున జేబులో పెట్టుకున్నాడు.

"ఏవైనా పర్లేదు అంకుల్, నాన్నకి నచ్చినవి వేసేయండి," అంది కూతురు. "నేనిక నడపను. లైసెన్సు టెస్టుకి కూడా వెళ్లనని చెప్పేశాను."

"అయితే ఇక నడిపేది మీరేనన్నమాట," షాపాయన ఆయన వైపు తిరిగాడు. "మీరెలా నడుపుతారు సార్?"

దొంగకి తేలు కుట్టినట్టయింది ఆయనకి. కూతుర్ని కాలేజీ దగ్గర దింపేదాకా ఆయనంత బుద్ధిమంతుడు రోడ్డు మీద కనిపించడు. ఆ పిల్ల అటు దిగిందో లేదో, ఊరి బయట ఖాళీ రోడ్డెక్కుతాడు. మలుపుల్లో టైర్లు కీచుమంటుంటే ఆయన వయసు సగానికి తగ్గిపోతుంది. పక్కన భార్య ఉన్నా అదే వరస. ఆవిడ తలుపు పైనున్న పిడి పట్టుకుని కళ్లు మూసుకుంటుంది. టైర్లు ఎవరి పుణ్యాన అరిగాయో ఆయనకి తెలియనిది కాదు.

"నేనా? నెమ్మదిగానే," అన్నాడు గొంతు సవరించుకుని.

"అవునంకుల్. మా నాన్నంత జాగ్రత్తగా ఎవరూ నడపరు," కూతురు అందుకుంది. "నాకు నేర్పింది కూడా ఆయనే. నాకే చేతకాలేదు."

ఆయన చెవులు వేడెక్కాయి. షాపాయన కారుకి జాకీ పెట్టి నట్లు విప్పుతున్నాడు. ఎందుకో మరీ తాపీగా విప్పుతున్నాడు. గట్టి టైరు చక్రం పక్కనే ఆనించి ఉంది. బయట చినుకులు మొదలయ్యాయి. రేపు ఈ టైర్ల మీదే పెళ్లాన్నీ పిల్లనీ ఎక్కించుకోవాలి. ఇకమీదట నెమ్మదిగా నడిపితే సరి, అనుకున్నాడు. ఆ మాట ఇదివరకు ఎన్నిసార్లు అనుకున్నాడో!

కూతురు వంగి, ఊడదీసిన పాత చక్రాన్ని గోడ దాకా దొర్లించుకుపోయింది. చేతుల నిండా నలుపు అంటింది. తుడుచుకుంటూ వచ్చి, "సారీ నాన్నా," అంది.

ఆయనకి తల కొట్టేసినట్టయింది.

"ఆపండి!" అన్నాడు. షాపులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. "అవొద్దు. మెత్తవే వేయండి. నా కాలి మీద నాకు నమ్మకం లేదు."

"అదేంటి నాన్నా?"

"నువ్వు ఒక్క టైరు కూడా పాడు చెయ్యలేదు అమ్మడూ. ఆ అరుగుడంతా నాదే. నిన్ను దింపేసి వెర్రెత్తినట్టు తిప్పేది నేను. అమ్మ అడిగితే నీ మీదికి తోసేశాను. ఒకసారి అన్నాక, మళ్లీ కాదని చెప్పడానికి సిగ్గేసింది."

"మరి నేను ఫుట్‌పాత్‌కి రాయడం?"

"ఒక్కసారి. గీత కూడా పడలేదు."

కూతురు చేతులు తుడుచుకోవడం ఆపేసింది. తర్వాత నెమ్మదిగా అంది: "ఇదంతా తెలిసే, నన్ను టెస్టు మానుకోనిచ్చావా?"

ఆయనకి కన్నకూతురి కళ్లలోకి చూడాలంటే భయమేసింది. అంత సిగ్గు ఆయన జీవితంలో ఎరగడు.

ఆ పిల్ల నల్లటి అరచెయ్యి చాపింది. "తాళం ఇలా ఇవ్వు. ఇంటికి నేను నడుపుతాను. టెస్టుకి కూడా వెళ్తాను."

ఆయన మారుమాట లేకుండా తాళం ఇచ్చేశాడు.

షాపాయన గట్టి టైరును పక్కకి తోసి, లోపలి గదిలోంచి మెత్తటివి ఒక్కొక్కటే దొర్లించుకొచ్చాడు. నాలుగూ సరిగ్గా ఈ కారు సైజువే.

"అప్పుడే ఎక్కడివండీ ఇవి?" ఆశ్చర్యపోయాడు తండ్రి.

"నిన్ననే తెప్పించి ఉంచాను సార్. మీ ఇంట్లో అమ్మగారు ఫోన్ చేశారు. 'ఎలా నడుపుతారని ఆయన్నే అడగండి, నిజం ఒప్పుకునేదాకా వీటిని బయటికి తీయకండి. తప్పు వాళ్ల నాన్నదంటే, నేను చెప్పినా మా పిల్ల నమ్మదు' అన్నారు."