నెమలి రంగు చున్నీ

పుష్పవల్లి ఒళ్ళో సగం అల్లిన గుండ్రటి మ్యాట్ ఉంది. ఎర్ర చీర పేలిక అయిపోయి, పసుప్పచ్చ దుప్పటి పేలిక మొదలైన చోట ఆమె వెదురు సూది ఆగి ఉంది.

ఎదురుగా కూర్చున్న ఆవిడ షోళింగనల్లూరు అపార్ట్‌మెంట్ల నుంచి కారు వేసుకుని చింతాద్రిపేట దాకా వచ్చింది. కన్నుమూసిన వాళ్ళమ్మ నూలు చీరలు తెచ్చింది, మ్యాట్ అల్లి ఇమ్మని.

పుష్పవల్లి ఒక చీర అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి ఆవిడ చేతికిచ్చింది.

"మొదలు మీరు చించాలమ్మా. మీ చెయ్యి పడాల. అప్పురం పేలికలన్నీ నేను చించుకుంటాను."

ఇది పుష్పవల్లి అత్తగారు పెట్టిన కట్టుబాటు. కోడలికి అల్లిక నేర్పిన రోజునే ఇదీ చెప్పింది. పోయినవాళ్ళ గుడ్డను ఇంట్లోవాళ్ళు మొదలు చించాలి. బతికున్న మనిషి గుడ్డ అయితే ఆ మనిషే మొదలు చించాలి, వేరే చెయ్యి పడకూడదు.

ఆవిడ చీరను రెండు చేతులా పట్టుకుంది. పట్టుకుని అలాగే కూర్చుంది.

"చెయ్యి రావట్లేదండీ."

"రాలేదంటే అది ఇంకా మీదేనమ్మా. తీసకపోండి, పరవాలేదు."

ఇంటికొచ్చిన బేరాన్ని ఇంత మర్యాదగా గుమ్మం దాకా సాగనంపే మనిషి ఆ వీధి మొత్తానికి ఆమె ఒక్కతే.

కారు వెళ్ళిపోయాక, లోపల కూర్చున్న భర్త గోపాలస్వామి గొంతు సవరించుకున్నాడు.

"పుష్పా, ఆ బీరోలో ఉండేటివి..."

"ఒద్దని చెప్పినా కదా?"

మొన్నటి వానలకు కూవం ఏటి నీళ్ళు ఇంట్లోకి వచ్చి బీరువా కింది అర మునిగింది. కింది అర సింధూరిది. ఆ బట్టలు ఉతికారు, ఎండేశారు, మళ్ళీ ఉతికారు. మరకలూ పోలేదు, వాసనా పోలేదు.

సింధూరి వాళ్ళకు ఒక్కతే కూతురు. కిటికీ పక్క మంచం మీద పడుకుని ఉంది. ఆఫీసు క్యాబు బోల్తా పడిన నాటి నుంచి పడుకునే ఉంది. ముక్కులో గొట్టం, ఒంటి మీద ముందు గుండీల నైటీ. అప్పుడప్పుడు కళ్ళు తెరుస్తుంది. తెరిచినంత మాత్రాన చూస్తున్నట్టు కాదని డాక్టరు విడమరిచి చెప్పాడు. మొదట్లో ఆయన "చూద్దాం" అనేవాడు. ఇప్పుడు ఆ మాట కూడా అనడం లేదు.

"లేచినాక ఏసుకుంటది" అంటూ పుష్పవల్లి ఇన్నాళ్ళూ ఆ బట్టల జోలికి ఎవర్నీ పోనివ్వలేదు.

"ఏసుకునేటట్టు లేవు పుష్పా" అన్నాడు గోపాలస్వామి మెల్లిగా. "పారేసేదానికి నాకు మనసు రాలా. నువ్వు అల్లితే ఈడనే ఉంటాయి కదా. దాని మంచం పక్కనే ఏసుకుందాము."

పుష్పవల్లి లేచి, బీరువా తీసి, నెమలి రంగు చున్నీ తెచ్చింది.

సింధూరి మొదటి జీతంతో కొనుక్కున్న చున్నీ అది. ఒకసారి పుష్పవల్లి చూసుకోకుండా తడిచెయ్యి దానికి తుడిచింది. "అమ్మా, తొడాదే!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది పిల్ల. ముట్టుకోవద్దని. కోపం వస్తే దాని నోట తమిళమే వచ్చేది. ఆ రోజంతా తల్లితో మాట్లాడలేదు.

పుష్పవల్లికి ఒక ఆశ ఉండేది, ఎవరితోనూ అనలేదు. ఏ మందుకూ పలకని పిల్ల, ఈ చున్నీ చించబోతే పలుకుతుందని. అందుకే ఇన్నాళ్ళూ దాన్ని కదపలేదు. అది కూడా చేసి చూస్తే, ఇక చేసి చూడటానికి ఏమీ మిగలదని ఆమె భయం.

చున్నీ అంచున గాటు పెట్టింది. మంచం మీద కూర్చుని, ముడుచుకుపోయిన వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, గాటుకు ఒక పక్క గుడ్డను సింధూరి చేతిలో పెట్టింది. రెండో పక్క తాను పట్టుకుంది.

"సింధూ, నీ చున్నీనే. చించతా ఉండాను."

లాగింది.

గుడ్డ చిరగలేదు. సింధూరి వేళ్ళలోంచి జారి వచ్చేసింది.

గుడ్డ చిరగాలంటే రెండు చేతులూ బిగించి పట్టాలి. పుష్పవల్లికి ఆ సంగతి తెలియక కాదు.

మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది.

"ఏమండీ, మీరు రండి. దాని గుప్పిట మూసి పట్టుకోండి. నొక్కొద్దు, నొప్పి పుడతాది."

గోపాలస్వామి కూతురి గుప్పిటను తన రెండు చేతుల్లో మూశాడు.

పుష్పవల్లి గుడ్డ వైపు చూడలేదు. కూతురి ముఖం చూస్తూ లాగింది. ఆగింది. ఇంకొంచెం లాగింది.

"తిట్టవే నన్ను. తొడాదే అనవే."

ఆగింది.

"ఒక్క తూరి అనవే."

చున్నీ బర్రుమని కొస దాకా చిరిగింది.

సింధూరి కళ్ళు ఫ్యాను వైపే ఉన్నాయి. రెప్పలు వాలాయి, లేచాయి. ఇందాక ఎలా వాలాయో అలాగే.

పుష్పవల్లి తన చేతిలో మిగిలిన నెమలి రంగు పేలికను చుట్టి ఉండ చేసింది. కొస ముడివేసి, వెదురు సూది దూర్చి, మొదటి గొలుసు అల్లింది.

"చాలండి, ఇంక చెయ్యి ఒదిలెయ్యండి. మిగతాది నేను చించుకుంటాను."

గోపాలస్వామి ఆ గుప్పిటను అలాగే పట్టుకుని కూర్చున్నాడు.