కత్తి కొట్టని మనిషి

"ఈయన చేతికేమైనా పక్షవాతమా?" అని కసిమీరో ముందు బల్ల పెద్దాయన్ని చూపించి పక్క బల్లల వాళ్ళకి కన్ను గీటాడు.

అంతా ఘొల్లున నవ్వారు.

అమెరికాలోని టాంపాలో, క్యూబావాళ్ళు పనిచేసే ఆ చుట్టల ఫ్యాక్టరీ హాల్లో అప్పుడే పేపరు చదవడం అయింది. ఎత్తు పీట మీద కూర్చుని దోన్ నసారియో చదువుతాడు, కింద జనం చుట్టలు చుడుతూ వింటారు. ఆయన జీతం యజమాని ఇచ్చేది కాదు, చుట్టేవాళ్ళు చందా వేసుకునేది.

చదివింది నచ్చితే ఆకు కోసే కత్తితో బల్ల మీద టకటకా కొడతారు. నచ్చకపోతే కత్తి నేల మీద పడేస్తారు. అంతకుమించిన అవమానం ఆ ఊళ్ళో లేదు.

శనివారం పూట పేపర్లో "నలుసు" అనే మారుపేరుతో వచ్చే రాత చదివితే మాత్రం బల్లలు పగలాల్సిందే.

ఆ నలుసు ఎవరో తెలీదు. ఎక్కడో చుట్టలు చుట్టేవాడేనని మాత్రం రాతే చెబుతుంది. "క్యూబాలో స్పెయిన్ జెండా దిగింది, అమెరికా జెండా ఎక్కింది. మన నడుములు మాత్రం వంగినచోటే ఉన్నాయి" అని ఆ వారం రాశాడు.

యజమాని కంట్లో అతను నిజంగానే నలుసు. దొరికితే ఎముకలు విరగ్గొట్టిస్తానని పళ్ళు నూరుతున్నాడు.

హాలంతా టకటకలాడినా, కొత్తగా చేరిన యుసేబియో తల వంచుకుని ఆకు సవరించుకుంటున్నాడు. ఏ శనివారమైనా అంతే.

"నచ్చలేదా, పెద్దాయనా?" అన్నాడు కసిమీరో.

"బాగానే ఉంది. చివర్లో కొంచెం సాగదీశాడు."

"అబ్బో! నలుసుకే పాఠాలు చెబుతున్నావే!"

సోమవారం కసిమీరో ఓ చుట్టలో ఎండుమిరపకాయ పెట్టి చుట్టి, మర్యాదగా ఆయనకి అందించాడు.

యుసేబియో కళ్ళనీళ్ళు కారుతున్నా చివరిదాకా పీల్చాడు.

"ఆకు మంచిదే. కాయే కాస్త ముదిరింది" అన్నాడు.

ఆ తర్వాత త్రాసు గొడవ మొదలైంది.

అప్పటిదాకా ఎవరికి కావలసిన ఆకు వాళ్ళు గుప్పిళ్ళతో తీసుకునేవారు. ఇకనుంచి తూచి ఇస్తానన్నాడు యజమాని.

"మనమేమన్నా దొంగలమా?" అంది హాలంతా.

త్రాసు లోపలికొచ్చిన రోజున అందరూ ఒక్కసారే పని ఆపి లేచి వెళ్ళిపోవాలని గుట్టుగా అనుకున్నారు. ముందు నడవడానికి కొందరు ఒప్పుకున్నారు. అందులో కసిమీరో తమ్ముడు తెల్మో ఒకడు.

త్రాసు రాకముందే గేటు దగ్గర పోలీసులు నిలబడ్డారు. ముందు నడుస్తామన్న వాళ్ళనే, పేర్లు పెట్టి పిలిచి మరీ గెంటేశారు.

ఎవడో ఉప్పందించాడు.

ఆ వారం దోన్ నసారియో జ్వరంతో మంచం పట్టాడు. చదివేవాడు లేని హాల్లో చెవులకి పని లేకపోయేసరికి నోళ్ళకి పని పెరిగింది.

పక్క బల్ల ఫెర్మిన్ మెల్లగా కసిమీరో చెవి దగ్గరికి వంగాడు. అతను కసిమీరో కూతురికి బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు. ఆ చుట్టరికంతో ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు.

"నలుసుకి కూడా కత్తి కొట్టనివాడు ఎవడి మనిషి అవుతాడు బావా? నువ్వే ఆలోచించు."

కసిమీరో ఆలోచించలేదు. లేచాడు.

"చెప్పు పెద్దాయనా! నలుసు రాతకి ఎందుకు కొట్టవు?"

యుసేబియో ఒకసారి ఫెర్మిన్ వైపు చూశాడు.

"ఈ హాల్లో చెప్పలేను."

"మరి యజమాని గదిలో చెబుతావా?"

"నీ తమ్ముణ్ణి పట్టించింది నేను కాదు నాయనా."

కసిమీరో కత్తి తీసి నేలకేసి కొట్టాడు.

వెనకే ఇంకోటి. ఆ వెనక హాలు హాలంతా. రేకుల మీద వడగళ్ళు పడ్డట్టయింది.

యుసేబియో టోపీ పెట్టుకున్నాడు. తన కత్తిని మాత్రం నేల మీద వెయ్యలేదు. తుడిచి, చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మరుసటి సోమవారం గుమ్మంలోనే త్రాసు ఉంది. దాని వెనక, గంజి పెట్టిన కొత్త కాలరు బిగించుకుని ఫెర్మిన్ కూర్చున్నాడు.

"రా బావా, నీ ఆకు తూస్తా."

"నువ్వా?"

"ఎవరో ఒకరు కూర్చోవాలిగా. మనవాడైతే మనకే మంచిది."

"నా తమ్ముడి పేరు చెప్పింది..."

"గట్టిగా అరవకు. నీ పేరు చెప్పకుండా ఉన్నానా లేదా? జ్ఞానతండ్రిని కదా, ఆ మాత్రం విశ్వాసం నాకుంది."

కసిమీరో వెటకారం మాని చెయ్యి చాపాడు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

తూచిన ఆకు చేత్తో పట్టుకుని వెళ్ళి బల్ల ముందు కూలబడ్డాడు.

అప్పుడే దోన్ నసారియో శాలువా కప్పుకుని, దగ్గుకుంటూ పీట ఎక్కాడు. పేపరు విప్పకుండా హాలంతా కలియజూశాడు.

"యుసేబియో ఏడి?"

అందరూ కసిమీరో వైపు చూశారు.

"మేమే వెళ్ళగొట్టామండీ" అన్నాడు కసిమీరో. "మొన్ననే కీ వెస్ట్ దీవికి పడవెక్కి పోయాడట."

"ఏం చేశాడని?"

"నలుసు రాతకి ఒక్కనాడూ కత్తి కొట్టలేదండీ."

దోన్ నసారియో కళ్ళజోడు తీసి శాలువా కొసతో తుడుచుకున్నాడు. గుమ్మంలో త్రాసునీ, దాని వెనక కొత్త కాలరునీ చూశాడు.

"పడవెక్కేశాడంటే ఇక చెప్పినా భయం లేదు" అన్నాడు. "తన రాతకి తానే ఎలా కొట్టుకుంటాడురా, కసిమీరో?"