ముదురు నీలం ముక్క

“ఈ ముదురు నీలం ముక్క ఎవరి చొక్కాది?” బొంతను కిటికీ దగ్గరి ఎండలోకి లాగి అడిగింది ఆడపడుచు.

సూదిలో దారం ఎక్కిస్తున్న మరదలు తలెత్తింది. “మీ తమ్ముడిదే, వదినా.”

తమ్ముడు పోయి ఏడాదైంది. బొంత మీద పువ్వూ లేదు, బొమ్మా లేదు. అన్నీ వెలిసిన నీలం పట్టీలు, వంకరటింకరగా. నడుమ ఈ ఒక్క చదరం.

“ఇదేం బొంత?”

“ఈ ఏడాది నాకెలా గడిచిందో అలా కుట్టాను.”

“మోడరన్ ఆర్టు నాకు తెలీకపోవచ్చు, మావాడి చొక్కా తెలీదా? ఎండలో ఆరేసి ఆరేసి వెలిసిపోయింది. ఈ ముక్క నిన్న కొన్నట్టుంది. నా చెవిలో పువ్వులు పెట్టకు.”

మరదలు కుట్టుపెట్టెలోంచి విప్పిన జేబొకటి తీసి చదరం మీద పరిచింది. వెలిసిన జేబు, అడుగున సిరా మరక. దాని అంచున ఉన్న సూది బెజ్జాలు చదరం మీది బెజ్జాలతో సరిగ్గా కలిశాయి.

“జేబు కింది గుడ్డ, వదినా. దానికెప్పుడూ ఎండ తగల్లేదు.”

ఆడపడుచు సిరా మరకను వేలితో తడిమింది. ఆ పెన్ను తను కొనిచ్చిందే.

గభాలున లేచి కిటికీ కర్టెన్ లాగేసింది.

“బుద్ధుందా నీకు? ఇలా ఎండలో పరిస్తే ఇదీ వెలిసిపోదూ!”