సంతలో కనిపించిన మనిషి

"అవ్వా, నీ కొడుకు దస్తగిరి బతికే ఉండాడు! ఎమ్మిగనూరు సంతలో సూసినా," అన్నాడు దూది వ్యాపారి గురురాజ, ఆదోనిలో లాలాబీ గుమ్మం ముందు రొప్పుతూ.

దస్తగిరి మాయమై రెండేళ్లు. బావిలో పడ్డాడని కొందరు, వజ్రాలకు జొన్నగిరి పోయి చచ్చాడని కొందరు అనుకున్నారు.

లోపల కోడలు వహీదా, మొగుడు ఒకప్పుడు విరగ్గొట్టిన చేతిని పట్టుకుని తలుపు చాటుకు జరిగింది.

"సరిగ్గా సూసినావా?" అని అడిగింది లాలాబీ.

"మాట్లాడినా కదా! మీ కొత్త ఇల్లు యాడని అడిగినాడు. రేపు పిల్సుకొస్తా."

"వాడు నా కొడుకు కాదప్పా. ఈ ఇల్లు సూపించొద్దు." ఆమె చేతులు జోడించింది.

గురురాజ వెళ్లాక లాలాబీ గడియ పెట్టి, రవిక జరిపి, భుజం మీది కాలిన మచ్చను కోడలికి తొలిసారి చూపించింది.

"ఇదీ వాడు పెట్టిన వాతే. బట్టలు సర్దుకో తల్లీ, ఇద్దరం పోదాం."