వెండెల్ బంకు ముందు ఆగని ట్రక్కు

వెండెల్ క్రూగర్ అంత నికృష్టుడు మోంటానా మొత్తం వెతికినా దొరకడు. రైతు డెల్మర్ తండ్రి ఆసుపత్రిలో మందు మత్తులో ఉండగా, రోడ్డు పక్క రెండెకరాలకు ముప్ఫై ఏళ్ళ కౌలు కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. అందులో పెట్రోలు బంకు పెట్టాడు. కౌలు నెలకు నలభై డాలర్లు. డెల్మర్ కుక్క తిండికి కూడా చాలదు.

తండ్రి పోయాడు. కాగితం మిగిలింది. అందులో డెల్మర్‌కి పనికొచ్చే మాట ఒక్కటే ఉంది. బేరాలు లేక బంకు మూతపడితే, భూమి ఉన్నది ఉన్నట్టుగా సొంతదారుకి తిరిగి రావాలి.

చుట్టూ తొంభై మైళ్ళలో అదొక్కటే బంకు. బేరాలు లేకుండా ఎలా పోతాయి?

నాలుగేళ్ళ కిందట, ఏప్రిల్ మొదట్లో, ఒక పొద్దున వెండెల్ గ్యాలనుకు ముప్ఫై సెంట్లు పెంచాడు. ఇదేం అన్యాయమని డెల్మర్ అడిగాడు.

"ఇష్టమైతే పోయించుకో. లేదంటే హాలెట్ దాకా తోసుకుంటూ పో!"

వెనకాల వరసలో ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. డెల్మర్ పైపు తగిలించేసి ఇంటికొచ్చాడు. ఇక ఆ బంకులో చుక్క పోయించనని భార్య ఆర్లీన్ ముందు ఒట్టు వేశాడు. వాణ్ణి మాడ్చి, ఆ రెండెకరాలూ లాక్కుంటానన్నాడు.

హాలెట్ ఊళ్ళో బంకు తొంభై మైళ్ళ దూరం; అక్కడ నింపుకుని ఇంటికొచ్చి, మళ్ళీ నింపుకోవడానికి పోవాలంటే నూట ఎనభై. డెల్మర్ పికప్ ట్రక్కు ట్యాంకు నిండా పోసినా నూట డెబ్బై మైళ్ళకే దగ్గడం మొదలెడుతుంది.

"డబ్బాల్లో తెచ్చుకోవచ్చుగా?" అంది ఆర్లీన్.

"దొంగసారాలాగానా? వాడి బంకు ముందు నుంచే పోవాలి. ఆగకుండా పోవాలి. వాడు చూడాలి."

ఆ ప్రాంతంలో మగాడి పరువు ట్రక్కు ఎత్తులో ఉంటుంది. డెల్మర్ మొదట ఆ పరువే తీసేశాడు. గాలి అడ్డు తగ్గితే పెట్రోలు ఆదా అని, ట్రక్కును నాలుగంగుళాలు కిందికి దించాడు. వెడల్పు టైర్లు అమ్మేసి సన్నవి వేశాడు. వాటిలో రాయిలా గాలి కొట్టాడు. కప్పు మీది దీపాలు, ముందున్న ఇనప కమ్మీలు పీకేశాడు. ఇంజను ముందు జాలీని సగం దాకా ప్లాస్టిక్ రేకుతో మూశాడు. వెనక సామాను తొట్టి తలుపు దించితే గాలి సాఫీగా పోతుందని అక్కడ అందరూ నమ్మినట్టే తనూ నమ్మాడు. రెండోసారి పోతుంటే, హాలెట్ ఇంకా పన్నెండు మైళ్ళుందనగా ట్రక్కు ఆగిపోయింది. మిగతా దారి మంచులో నడిచి పోయాడు. కాలి బొటనవేలి గోరు ఊడింది.

మర్నాడే తలుపు ఎత్తి బిగించాడు. తొట్టి మీద రేకు మూత పరిచాడు. ఈసారి ట్రక్కు రెండు వందల నలభై మైళ్ళు పోయింది.

బంకు ముందు వెండెల్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

"ఏరా డెల్మర్, ట్రక్కుని వేణ్ణీళ్ళలో ఉతికావా? కుంచించుకుపోయింది! ఇంకా బరువు తగ్గాలంటే ఆర్లీన్‌ని కూడా దింపెయ్!"

డెల్మర్ ఆగలేదు. హారన్ మాత్రం బంకు దాటేదాకా నొక్కి పట్టుకున్నాడు. ఆ వారమే వెండెల్ ఇంకో అయిదు సెంట్లు పెంచాడు. వాడి పొగరు అలాంటిదని జనం తిట్టుకున్నారు.

తిట్టుకుని ఊరుకోలేదు. ముందుగా పక్క పొలం గస్ వచ్చాడు.

"ఒరే, నలుగురికీ చెప్పకేం. నాదీ కాస్త కిందికి దించుతావా?"

డెల్మర్ పైసా తీసుకోకుండా దించాడు. గస్ తర్వాత గస్ తమ్ముడు, ఆ తర్వాత చర్చి వాళ్ళందరూ. మూడేళ్ళు తిరిగేసరికి నలభై పొట్టి ట్రక్కులు బంకు ముందు నుంచి హారన్ కొట్టుకుంటూ హాలెట్‌కి పోతున్నాయి. వెండెల్ ధర పెంచుతూనే ఉన్నాడు.

నాలుగో ఏడు వెండెల్ బంకుకి తాళం వేసి, తాళంచెవి డెల్మర్ చేతిలో పెట్టాడు.

"గెలిచావు పో" అన్నాడు, చెయ్యి చాపి.

డెల్మర్ చెయ్యి కలపలేదు. "నిన్ను వీధిన పడేసింది ఫలానా డెల్మర్ అని నీ పిల్లలకి చెప్పుకో" అన్నాడు. వెండెల్ తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆ పూట డెల్మర్ వాడి కుర్చీలోనే కూర్చుని, బల్ల మీద కాళ్ళు బారజాపి, డబ్బా మీద డబ్బా బీరు తాగాడు.

ఆ నేలలో గోధుమ వేద్దామని, కింద పాతిన పెట్రోలు ట్యాంకు తీయించడానికి లాయిడ్‌ని పిలిపించాడు. ఆ పని చేసేవాడు ఆ జిల్లాలో లాయిడ్ ఒక్కడే. రెండడుగులు తవ్వేసరికి మట్టి నల్లగా వచ్చింది. కళ్ళు మండాయి.

"ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నావుగా, ఇక ఇది నీ నెత్తినే పడుతుంది" అన్నాడు లాయిడ్. "పెట్రోలు బావుల దాకా దిగిపోయింది. మట్టంతా ఎత్తి పోయించాలి. అయినా, ట్యాంకు అడుగు తుప్పుపట్టి కారుతోందని వెండెల్‌కి అప్పుడే చెప్పానే! నీతో అనలేదా?"

"ఎప్పుడు చెప్పావు?"

లాయిడ్ జేబులోంచి నోటుబుక్కు తీసి, కాగితాలు తిప్పి, నాలుగేళ్ళ కిందటి తేదీ చూపించాడు.

వెండెల్ మొదటిసారి ధర పెంచింది సరిగ్గా ఆ తేదీకి మర్నాడే. ఆ రెండెకరాలూ శుభ్రం చేయించడానికి డెల్మర్ అమ్ముకున్నది మూడు వందల పన్నెండెకరాలు.