నౌస్ట్ ఇంటి వాటా

"విశ్రాంతికి వస్తూ ఇంత బరువేంటండీ బాబూ? సంచిలో రాళ్లున్నాయా?" అన్నాడు పడవవాడు.

"ఒక్కటే ఉంది" అన్నాడు ఆ కొత్త మనిషి.

పడవలో అందరూ నవ్వారు.

రేవులో 'ప్రకృతి, సంస్కృతి, విశ్రాంతి' అని మేమే బోర్డు పెట్టాం. దాన్ని చదివి పక్షుల్ని చూడ్డానికి వచ్చిన వాళ్లలో ఒకడనుకున్నాం.

మర్నాడు చూస్తే మా గొర్రెల గోడలో కూలిన చోట కడుతున్నాడు!

"ఆ రాయి కింద పెట్టు!" అని అరిచాడు థోర్‌ఫిన్. ఎనభై ఏళ్లొచ్చినా దీవిలో ఆయన మాటే మాట.

అతను రాయిని గోడ మీద పెట్టి, కదలకుండా సర్ది, అప్పుడు తిరిగి చూశాడు.

"ఎందుకు?"

"ఎవరింటి వాటా వాళ్లే కట్టాలి. పరాయి చెయ్యి పడకూడదు. ఫోటోలు తీసుకుని పో!"

మా గొర్రెలు ఒడ్డున సముద్రపు నాచు తిని బతుకుతాయి. పచ్చిక వాటికి విషం, మేస్తే చస్తాయి. అందుకే అవి లోపలికి రాకుండా దీవి చుట్టూ రాతిగోడ, ఇంటికో వాటా, వాటా నడుమ ఆ ఇంటి గుర్తురాయి. నౌస్ట్ ఇంటి వాటా మాత్రం నలభై రెండేళ్లుగా కూలిపోయి ఉంది. మొగుడు సముద్రంలో పోయిన ఏడాది ఆ ఇంటావిడ ఒంటరిగా కట్టలేకపోయింది. ఆచారమని ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఆమె దీవి వదిలిపోయింది. ఏటా ఆ సందులోంచి గొర్రెలు లోపలికొచ్చి చస్తూనే ఉన్నాయి. అయినా మేం కట్టం! పని ఎగ్గొట్టేవాణ్ణి మాత్రం ఇప్పటికీ 'నౌస్ట్ బాపతు' అంటాం.

"నీ పేరేంటి?" అన్నాడు థోర్‌ఫిన్.

"గోడ పూర్తయ్యాక చెబుతాను."

"ఎంత పొగరు!"

"మా గోడ ముట్టినవాడికి నా ఇంట్లో పడక లేదు" అంది బస ఇచ్చిన ఇంగా. అతను సంచి తీసుకుని నౌస్ట్ మొండిగోడల మధ్య గుడారం వేసుకున్నాడు.

పొద్దున కట్టింది మధ్యాహ్నం థోర్‌ఫిన్ తోసేశాడు. సాయంత్రానికి అతను మళ్లీ కట్టాడు. మర్నాడూ అంతే. మూడోనాడు థోర్‌ఫిన్‌కి నడుము పట్టేసింది.

శనివారం అతను రేవుకొచ్చాడు. వేళ్లన్నీ చితికిపోయి ఉన్నాయి.

"పూర్తయింది. ఇప్పుడు చెప్పమంటారా పేరు?"

"అక్కర్లేదు. పడవెక్కు!"

తలెత్తుకునే ఎక్కాడు. ఖాళీ సంచి భుజాన వేలాడుతోంది.

అక్టోబరు తుఫానుకి గోడ పది చోట్ల కూలింది. థోర్‌ఫిన్ వాటా కూడా పడిపోయింది. నౌస్ట్ వాటాలో ఒక్క రాయీ కదల్లేదు. అప్పటిదాకా పంతంతో మేమెవరం దాని దగ్గరికి పోలేదు.

"చూద్దాం పద, ఏ తప్పు చేశాడో" అని ఇంగా భుజం పట్టుకుని కుంటుతూ వెళ్లాడు థోర్‌ఫిన్.

వాటా నడుమ ఒక నల్లరాయి ఉంది. దాని మీద నౌస్ట్ ఇంటి గాలం గుర్తు.

థోర్‌ఫిన్ దాన్ని తడిమి చూశాడు.

"పరాయి చెయ్యి కాదే ఇంగా... నోరు విప్పనిచ్చానా వాణ్ణి?"

నలభై రెండేళ్ల కిందట నౌస్ట్ ఇంటావిడ దీవి వదిలిపోతూ ఎక్కిన పడవకి తాడు విప్పింది థోర్‌ఫినే. అప్పుడామెకి ఒక చంకలో ఈ రాయి, రెండో చంకలో మగబిడ్డ.